సారు ఇంటికి నేనెంచిన ప్రెషర్ మిషన్

నీళ్ళు జోరుగా కొట్టి కడిగే ఆ ప్రెషర్ మిషన్‌ను ఎంచింది నేనే. ఇంకెవరో కొని నా చేతిలో పెట్టి ఉంటే ఇంత కోపం ఉండేది కాదేమో. దుకాణానికి వెళ్ళి, మూత విప్పించి, లోపల చూసి, పది ప్రశ్నలు అడిగి, "ఇదే మంచిది" అని చెప్పింది నేను. అది నిజంగానే మంచి మిషన్. ఒళ్ళు మండేది అందుకే.

అప్పటికి నేనూ మా ఆవిడా ఆ తోట ఇంట్లో కాపలాకు చేరి మూడేళ్ళయింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జఫర్‌గఢ్ పోయే రోడ్డు మీద కొంత దూరం పోయి, మట్టి బాటలోకి మళ్ళితే వస్తుంది. నాలుగెకరాలు. చుట్టూ మనిషికంటే ఎత్తు గోడ, నడుమ డాబా ఇల్లు, మామిడి మొక్కలు. హైదరాబాదులో ఉండే ఒక సారు కొని కట్టించుకున్నాడు. గేటు పక్కన రెండు గదులు మాకిచ్చాడు.

అంతకుముందు ఇరవై ఏళ్ళు నేను ఘన్‌పూర్‌లో మోటార్లకు వైండింగ్ చేశాను. కాలిపోయిన బోరు మోటరు తెస్తే మాడిన తీగంతా లాగేసి కొత్త రాగితీగ చుట్టి ఇచ్చేవాణ్ణి. కళ్ళు దెబ్బతిని సన్నతీగ కనబడడం మానేశాక ఈ కాపలా పనికి ఒప్పుకున్నాను. సారు నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మొదటిరోజు నుంచీ నన్ను "ఏమయ్యా" అనే పిలిచాడు. శని, ఆదివారాలు ఆయన వాళ్ళు వస్తారు కాబట్టి మా ఇద్దరికీ ఆదివారం చర్చి తప్పిపోయింది. జీతం తీసుకునేవాడికి ఇవన్నీ మామూలే అనుకున్నాను. అప్పుడు అలా అనుకున్నందుకు ఇప్పుడు నా మీద నాకే కోపం.

ఇంటి ముందు వాకిలంతా సిమెంటు టైల్సు పరిచారు. వానాకాలం వస్తే వాటి మీద పచ్చగా పాకుడు పడుతుంది. ఇనుప బ్రష్షూ బ్లీచింగు పొడీ పెట్టి నేను మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేవాణ్ణి. వేళ్ళ సందులు పగిలిపోయేవి. ఒక ఆదివారం సారు వాళ్ళ అత్తగారు దాని మీద జారిపడింది. పెద్ద దెబ్బేం తగల్లేదు కానీ మర్నాడే సారు ఫోను చేశాడు.

"ప్రెషర్ వాషర్ ఒకటి తీసుకుందాం. మెషిన్ల సంగతి నీకు తెలుసు కదయ్యా, నువ్వే వెళ్ళి చూసి చెప్పు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. మూడేళ్ళలో ఆయన నన్ను ఒక సంగతి అడగడం అదే మొదలు. మంచి చొక్కా వేసుకుని బస్సెక్కి హన్మకొండ పోయాను.

దుకాణాయన నన్ను చూడగానే ఒక పెద్ద మిషన్ ముందుకు జరిపాడు. "లారీలు కడిగేటోళ్ళు గిదే కొంటరే. రాయి మీద రంగు కూడా లేచిపోతది" అన్నాడు.

"మాకు రంగు లేవద్దన్నా. పాకుడు పోవాలె, టైలు ఉండాలె" అన్నాను.

అంత జోరుగా కొడితే టైల్సు నడుమ నింపిన సిమెంటు మొత్తం లేచిపోతుంది. అది చెప్పాను. చిన్నది ఒకటి చూపించాడు. నడుస్తుంటే గింజలు వేయించినట్టు చప్పుడు చేసింది. అది లోపల కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ తిరిగే మోటరు, పావుగంట ఆపకుండా నడిపితే వేడెక్కుతుంది. దాన్నీ వద్దన్నాను. మూడోది మధ్యరకం. బ్రష్షులు లేని ఇండక్షన్ మోటరు, చప్పుడు తక్కువ. లోపల తీగ రాగిదా, అల్యూమినియందా అని అడిగితే, రాగిదే అన్నాడు. మూత విప్పమన్నాను.

"ఏందే, కొనకముందే విప్పుతవా?"

"ఇరవై ఏండ్లు గదే పని చేసిన. జర విప్పు."

విప్పాడు. రాగిదే. అప్పటి నుంచి నాతో కొంచెం మర్యాదగా మాట్లాడాడు. మా దగ్గర సాయంత్రం పూట ఓల్టేజి పడిపోతుంది, తట్టుకుంటుందా అని అడిగాను. నల్లా లేదు, డ్రమ్ములో నుంచి నీళ్ళు తానే గుంజుకోవాలన్నాను. మా బోరులో ఇసుక వస్తుంది కాబట్టి ఫిల్టరు విప్పి కడుక్కునేలా ఉండాలన్నాను. ఆఖరికి అసలు సంగతి అడిగాను. నీళ్ళు ఎన్ని తాగుతుంది?

"పైపు పెట్టి కడిగితే పోయే నీళ్ళల్ల సగం గూడ పట్టయి. గన్ను ఇడిస్తే నీళ్ళు బంద్" అన్నాడు, నీళ్ళు చిమ్మే పిడి చూపిస్తూ.

నాకు కావలసిన మాట అదే. మా వైపు ఎండాకాలం నీళ్ళ సంగతి నాకు తెలుసు. ఫొటో తీసి సారుకు పంపాను. ఆయన తిరిగి ఇంకో ఫొటో పంపాడు. పెట్రోలుతో నడిచే ఎర్రటి మిషన్, ఆయన స్నేహితుడి దగ్గర ఉందట. దుకాణం బయట నిలబడి ఫోనులో ఆయనతో చాలాసేపు వాదించాను. పెట్రోలుది జోరు ఎక్కువ, నీళ్ళూ ఎక్కువే, మన వాకిలికి అక్కర్లేదు అన్నాను. దీనికి నీళ్ళు తక్కువ పడతాయి సార్ అని రెండుసార్లు చెప్పాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు. మిషన్ అట్టపెట్టెను బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను.

మొదటిరోజు సంబరంగానే గడిచింది. గన్ను నొక్కితే పచ్చటి పాకుడు చారలు చారలుగా లేచి, కింద టైలు కొత్తదానిలా బయటపడింది. మా ఆవిడ నా చేతిలోంచి గన్ను లాక్కుని మెట్లు కడిగింది. రెండు రోజుల పని ఒక పూటలో అయిపోయింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సారు ఫోను మొదలైంది. ముందు వాకిలి. తర్వాత గేటు. తర్వాత గోడ లోపలివైపు, ఆపైన బయటివైపు. డాబా, మోటరు గది, పూలకుండీలు. ఆదివారం వచ్చే స్నేహితుల కార్లు. వానాకాలంలో పాకుడు కోసం తెచ్చిన మిషన్ ఫిబ్రవరిలో దుమ్ము కోసం నడిచింది. నేను బ్రష్షుతో రుద్దిన రోజుల్లో ఏడాదికి రెండుసార్లు కడిగే వాకిలిని వారానికి మూడుసార్లు కడిగించాడు. ఎండలు ముదురుతున్నాయి, కొంచెం ఆపుదాం సార్ అంటే నవ్వాడు.

"దీనికి నీళ్ళు తక్కువ పడతాయని నువ్వే చెప్పావు కదయ్యా."

నా మాటే. డ్రమ్ము నింపడం, గన్ను పట్టడం, కడగడం.

మార్చి చివర ఒక శనివారం మధ్యాహ్నం గోడ బయటివైపు కడుగుతుంటే మా అన్న వచ్చాడు. ఆయన పొలం ఆ గోడకు రెండు మళ్ళ అవతలే. ఎకరంన్నరలో వరి వేశాడు. కాసేపు నిలబడి నేను గోడ కడగడం చూశాడు. మట్టినీళ్ళు కాలువలా బాట మీదికి పోతున్నాయి.

"గోడకు తానం చేపిస్తున్నవారా?" అన్నాడు.

గన్ను వదిలేశాను.

"బోరు గాలి పోస్తాంది. పావుగంట పోసి ఆగుతాంది. వరి పొట్ట మీదున్నది, ఇంక కంకి తీయాలె. మీ సారును జర అడుగు. పది దినాలు నీళ్ళిస్తె సాలు. పైపు నేనే ఏసుకుంట."

"అడుగుత అన్నా."

"అడుగుడు కాదు, ఇప్పియ్యి. నీ చేతులు పట్టుకుని అడుగుతున్న."

మా అన్న ఎవరి చేతులూ పట్టుకునే మనిషి కాదు. నేను తల వంచుకుని పైపు చుట్టసాగాను.

మర్నాడు సారు వరండాలో కూర్చుని ఉండగా వెళ్ళి అడిగాను. ఫోను చూసుకుంటూనే విన్నాడు.

"ఒకరికి ఇస్తే ఊరంతా వస్తుంది. రేపు మన బోరు ఎండిపోతే?"

"గోడలు కడిగితే ఎండదా సార్?"

అప్పుడు తలెత్తి చూశాడు. "గోడ కడిగే నీళ్ళూ పొలం తడిపే నీళ్ళూ ఒకటేనా? లెక్క తెలిసినవాడివి, నువ్వే ఇలా మాట్లాడితే ఎలా? వెళ్ళి గేటు చూడు, పక్షులు పాడు చేశాయి."

వెళ్ళాను. గేటు కడిగాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత వారమంతా ఆయన చెప్పినవన్నీ కడిగాను. మా ఆవిడ నాతో మాట్లాడడం తగ్గించింది. గురువారం అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది. "మీ అన్న పొలం దిక్కు సూసినవా?" చూడలేదన్నాను. "సూడకు. సూస్తె ఈ అన్నం దిగది" అంది.

శనివారం వెళ్ళి చూశాను. గట్టు అవతలి కొస మడి నెర్రెలు బారింది. వరి ఆకులు సూదుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి.

సోమవారం పొద్దున సారు వాళ్ళు వెళ్ళిపోయాక స్టోరులో ఉన్న నల్లపైపు చుట్టలు తీశాను. మామిడి మొక్కల కోసం తెచ్చి వాడకుండా పడేసినవి. గోడ మీదుగా పైపు వేసి, జాయింట్లు బిగించి, మోటరు ఆన్ చేశాను. మా అన్న అవతల మడిలో నిలబడి పైపు మూతిని పట్టుకున్నాడు. నీళ్ళు వచ్చిన చప్పుడు నాకు వినిపించింది.

మంగళవారం పది గంటలప్పుడు, ఇంటి చూరు కింద ఉన్న సీసీ కెమెరాలోంచి సారు గొంతు వచ్చింది. అందులోంచి మాట్లాడొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మూడేళ్ళు నా తల మీద ఒక నోరు ఉందన్నమాట.

"ఏమయ్యా, ఆ పైపు ఎక్కడికి పోతోంది?"

"మా అన్న మడికి సార్."

"ఎవర్ని అడిగి వేశావు?"

"మిమ్ములనే అడిగిన. మీరు వద్దన్నరు. అయినా ఏసిన."

"నా నీళ్ళు దొంగతనంగా పెడుతున్నావా?"

పట్టపగలు, ఆయన కెమెరా కిందే వేశాను ఆ పైపు.

"దొంగతనం ఎవలు చేసిన్రు సార్? చుట్టుపక్కల బోర్ల కంటె ఎంత లోతు ఏపిచ్చిన్రో నాకెరుక లేదా? మీ బోరుల మోటరు దించినోన్ని నేను. భూమి మీది, కాదంటలేను. కింది నీళ్ళు మా అన్న బోరుల నుంచి మీ బోరుకు దిగినయ్. గా నీళ్ళతోని నాతోటి గోడలు కడిగిపిచ్చిన్రు."

"మర్యాదగా మాట్లాడు."

"నేను మీకంటె పెద్దోన్ని. మూడేండ్ల సంది ఏమయ్యా అంటె ఊకున్న. మర్యాద నాకు చెప్పకుండ్రి."

"మోటరు ఆపి, నీ సామాను సర్దుకో. రేపు వస్తాను, తాళాలు ఇచ్చెయ్" అంది కెమెరా.

మా ఆవిడ చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి అంతా విన్నది. చీపురు అక్కడే పడేసి లోపలికి పోయి గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టింది. "ఇప్పుడన్న నోరు తెరిస్తివి" అని లోపలి నుంచి అంది. సామాను సర్దాను కానీ మోటరు ఆపలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన కారు గేటు దగ్గరికి వచ్చేదాకా నీళ్ళు పోతూనే ఉన్నాయి. నా చేతులతో అప్పుడే ఆపాను.

సారు నా ముఖం చూడలేదు. తాళాలు లెక్కపెట్టుకున్నాడు. నేను ఊరుకుని వచ్చెయ్యాల్సింది. కానీ మిషన్ను చూసి నోరు ఆగలేదు. "మిషన్ పక్కకు పెట్టేముందు ఫిల్టరు కడుగుండ్రి. ఇసుక ఉంటె పంపు పట్టేస్తది" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నన్ను దొంగ అన్నవాడి మిషన్ పాడవుతుందని నాకెందుకు బాధ? బాట మీదికి వచ్చాక ఆ మాట అన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఇప్పుడు ఘన్‌పూర్‌లో ఒక మోటార్ల దుకాణంలో కళ్ళద్దాలు పెట్టుకుని స్టార్టర్లు బిగిస్తున్నాను. ఆదివారం చర్చికి పోతున్నాం. బాగానే ఉన్నాం. అయినా ఆ బాట మీదుగా పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాను.

మా అన్న వరి, పైపు నీళ్ళు పడిన ఇవతలివైపు గింజ పట్టింది. అవతలి కొసంతా తాలు పోయింది. ఆ ముక్కకు కోత మిషన్ దండుగని, పశువులకు మేతగా కొడవళ్ళతో కోశారు. నేనూ వెళ్ళాను. నాకు ఉద్యోగం పోయింది కాబట్టి అన్న ఒక మంచిమాట అంటాడని మనసులో ఉందేమో. ఆయన నడుము పట్టుకుని లేచి, ఎండిన వరి పిడికెడు నా ముందు పడేసి, "పైపు వారం ముందుగాల ఏస్తె గిది గూడ దక్కుతుండెరా" అన్నాడు.

ఏదో అనబోయాను. కానీ ఆ వారమంతా నేను గోడలూ గేటూ కడుగుతూ ఉండడం ఆయన చూశాడు. గట్టు మీదున్న కొడవలి తీసుకుని అవతలి కొసలోకి దిగాను. సాయంత్రం దాకా ఇద్దరం కోస్తూనే ఉన్నాం.