పూరేడు పిట్టల అధ్యాయం

“…ఇడిసిపెట్టిన్నా? నేనా? ఎప్పుడిడిసిపెట్టిన్నే, జెర చెప్పు!”

“మెల్లగవ్వా. పక్కింటోళ్లు వింటరు.”

“విననీ. గా పక్కింటి వందననే కద నాకు సదివి చెప్పింది. మా అవ్వ పిట్టల కాళ్లకు సుట్టుకున్న పోగులు ఇప్పి, ఆకాశంలకు ఇడిసేది అని రాసినవట. దొరికిన పిట్టను గాలికిడిసెతందుకు నాకేమన్న పిచ్చి లేసిందా?”

కొండవ్వకు డెబ్బై నాలుగేళ్లు. చదువు రాదు. కూతురు ప్రసూన రాసిన పుస్తకం మూడేళ్లుగా టీవీ పక్కనే ఉన్నా, అందులో ఏముందో నిన్న మధ్యాహ్నం దాకా ఆమెకు తెలియదు.

ప్రసూన హుస్నాబాద్ బస్సుకు టైమవుతోందని టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయటపడింది.

ఆమె హుస్నాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్. పన్నెండేళ్ల క్రితం ఆ బస్సు కిటికీ పక్కనే ఆమె రాత మొదలైంది. ఏ చెరువులో కొంగలు దిగాయి, ఏ పత్తిచేను పక్క తీగ మీద పాలపిట్ట కూర్చుంది, ఏ నెలలో ఏ కూత ఆగిపోయింది, అన్నీ జేబులో పట్టే నోటుబుక్కులో రాసుకునేది. ఒక పత్రిక వాటిని ఆదివారాలు వేసుకోవడం మొదలుపెట్టింది. తొగుట దగ్గర ఆమె పుట్టిన ఊరు రిజర్వాయర్ నీళ్ల కిందికి పోయిన ఏడాది, పిట్టల సంగతుల్లోకి చిన్నతనం కూడా వచ్చి చేరింది. పాఠకులకు అదే ఎక్కువ నచ్చింది. పుస్తకమైంది. ఇప్పుడు ఆదివారాలు తను ఉండే ఊళ్లోని కోమటిచెరువు కట్ట మీద బడిపిల్లలకు పిట్టలను చూపిస్తుంది. పిల్లలు ‘పిట్టల మేడం’ అంటారు.

అందరూ మెచ్చుకున్నది ఏడో అధ్యాయం. వీధిలో సాగదీసిన పడుగు పోగుల్లో పూరేడు పిట్టలు చిక్కుకుంటాయి. మగ్గం మీది నుంచి తల్లి లేచొచ్చి, ఒక్కో పోగూ విప్పి వాటిని వదిలేస్తుంది.

జరిగింది వేరు. ప్రసూనకు ఎనిమిదేళ్లప్పుడు తండ్రి రాజనర్సు భివండి మరమగ్గాల పనికి వెళ్లాడు. ఏడాది తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. మగ్గానికి నూలు లేదు. కొండవ్వ పడుగు చివర మిగిలిన పోగులను పురిపెట్టి, గంజిలో ముంచి ఎండేసింది. గంజి పట్టిన పోగు గడ్డిలో ఉచ్చులా నిటారుగా నిలబడుతుంది. తెల్లవారగానే వెళ్లి, చిక్కిన పూరేళ్లను తేవడం ప్రసూన పని. తమ్ముడు నరహరి పసివాడు. రెండేళ్లు అట్లా గడిచాయి. రాజనర్సు తిరిగొచ్చాక భివండి సంగతి ఎవరూ అడగలేదు, పూరేళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాసేటప్పుడు పోగులను గంజిలో ముంచడం దాకా నిజమే రాసింది. ఆ తర్వాత వాక్యం ఇంకోవైపు తిరిగింది. అది అందంగా ఉంది, ఉంచేసింది.

బస్సు దిగకముందే హైదరాబాద్ నుంచి ప్రచురణకర్త రాజేంద్రప్రసాద్ ఫోన్ చేశాడు. “శుభవార్త మేడం. ఒక స్కూళ్ల సంస్థ వాళ్లు ఎనిమిదో తరగతి వాచకంలో మీ ఏడో అధ్యాయం పెడతారట. రెండో ముద్రణ సోమవారం ప్రెస్సుకి. మార్పులేమైనా ఉంటే ఆదివారం సాయంత్రంలోపు చెప్పండి.”

“మార్పులా…” అంది. బస్సు చప్పుడులో అతనికి వినిపించలేదు.

ఆ రోజు ఒకే ఉత్తరం మీద మూడుసార్లు తేదీ తప్పు వేసింది. మధ్యాహ్నం అన్నం తినకుండా ఆఫీసు వెనక ఖాళీ జాగాలో అటూ ఇటూ తిరిగింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి కొండవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“పిట్టలను ఆకాశంలకు ఇడిస్తే, గా రెండేండ్లు మీరేం తిన్నరే? గాలి తిన్నరా?”

“నీ పేరు మంచిగుండాలనే రాసిన్నవ్వా.”

“నా పేరుకేమైంది? ఉచ్చులు నేను పెట్టిన, మెడలు నువ్వు తిప్పినవ్. నాకంటె నీ చెయ్యే సాఫ్. నువ్వు తిప్పితె కిక్కుమనకపోయేది.”

“ఆదివారం పిల్లలొస్తరు. వాళ్లకేం చెప్పాలె?”

“చెప్తె ఏమైతది? వాళ్లిండ్లల్ల కోడిని కొయ్యరా?”

ప్రసూన చెప్పులు విడవకుండానే మళ్లీ వీధిలోకి నడిచింది. బస్టాండు దాకా వెళ్లి, పని ఏమీ లేక తిరిగొచ్చింది.

ఆదివారం పొద్దున కట్ట మీద పదిహేనుమంది పిల్లలున్నారు. వెంట వాళ్ల సైన్సు సారు హరీశ్. గట్టున ఎవరో పారేసిన పాత చేపలవలలో ఒక లకుముకి పిట్ట కొట్టుకుంటోంది. ముందుగా చూసింది ఏడో తరగతి మైత్రి.

“మేడం! మీ అమ్మ లెక్కన పోగులిప్పుండ్రి మేడం! మేం చూస్తం!”

పిల్లలు చుట్టూ చేరారు. ప్రసూన వలతో సహా పిట్టను తీసుకుంది. వెచ్చగా ఉంది. గుండె అరచేతికి తగులుతోంది. పోగు ఎక్కడ మొదలైందో వెతకాలి, కాలిని ఎటు వంచితే విరగదో తెలియాలి. ఆమెకు తెలియదు. చిక్కిన పిట్టను ఆమె ఎన్నడూ విప్పలేదు. ఎడమచెయ్యి రెక్కలను నొక్కిపట్టింది. కుడిచేతి రెండు వేళ్లు మెడ కిందికి, సరైన చోటికి, వాటంతట అవే వెళ్లాయి.

“హరీశ్ సార్,” అంది. “మీరు పట్టుకోండి. తొందరగ.”

హరీశ్ పెన్సిల్ చెక్కే బ్లేడుతో వలను ముక్కలుగా కోశాడు. చాలాసేపు పట్టింది. పిట్ట కుంటుతూ తుమ్మకొమ్మ మీదికి చేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మైత్రి మాత్రం ప్రసూన చేతులనే చూస్తోంది.

“మేడం, మీకు భయమైందా?”

“అయింది,” అంది ప్రసూన.

పిల్లలను హరీశ్‌కు అప్పగించి, కట్ట చివరిదాకా నడిచి ఫోన్ తీసింది.

రాజేంద్రప్రసాద్ మొత్తం విన్నాడు. “జ్ఞాపకమే కదా మేడం, కోర్టులో సాక్ష్యమా? ఎవరికి నష్టం? వాచకంలోకి వెళ్లేది ఆ ఒక్క అధ్యాయమే. తీసేస్తే వాళ్లు వెనక్కి పోతారు. మిమ్మల్ని పిట్టల కోసమే చదువుతారు. పిట్టల్ని చంపినావిడని తెలిస్తే ఆ పత్రిక వాళ్లయినా మీ శీర్షిక ఉంచుతారా? సాయంత్రం దాకా ఆలోచించుకోండి.”

“సాయంత్రం దాక వద్దు సార్. ప్రెస్సుకు పంపకండి. ఏడో అధ్యాయం మళ్ల రాస్తున్న. అందుల పిట్టలను మా అవ్వ పట్టుకుంటది, నేను చంపుత.”