పొట్టేలు గంట

మా నాయనకు ఫుట్‌బాల్ తెలియదు. మోకాళ్లు అరిగిపోయి, పులివెందుల దగ్గర గొర్రెల మంద అమ్మేసి, ప్రొద్దుటూరులో నా ఇంటికొచ్చాక, ఆదివారం సాయంత్రాలు నాతోపాటు ఇటలీ ఆటలు చూసేవాడు. గోల్ కొట్టేవాళ్లను పట్టించుకునేవాడు కాదు. వెనక కాపు కాసే ఒక బట్టతల డిఫెండరంటేనే ఇష్టం.

"అందరూ బంతెనక పరిగెత్తాండారు. ఆయప్ప ఒక్కడే మందను కాస్తాండాడు," అనేవాడు.

అతను జట్టు మారినప్పుడల్లా, "ఈ ఏడు యా ఊర్లో దిగినాడురా?" అని అడిగేవాడు, మేతకు పోయిన సాటి కాపరి సంగతి అడిగినట్టు.

అతని చివరి ఆట కూడా ఇద్దరం చూశాం. ఆట ముగియకముందే అతన్ని బయటికి పిలిచారు. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది. అతను చేతికున్న కెప్టెన్ పట్టీ విప్పి, తనకన్నా చిన్నవాడైన ఇంకో డిఫెండర్ చేతికి కట్టాడు.

నాకెందుకో ఒళ్లు మండింది. మా నాయనకు ఎవరు కొట్టారు చప్పట్లు? మంద కొన్న బేపారి గొర్రెల్ని లారీకెక్కించుకుని పోయాడు, అంతే.

మంద అమ్మినా, ముందు నడిచే పొట్టేలు మెడలోని గంటను మా ఇంట్లో అమ్మరు. తర్వాత గొర్రెలు కాసే కొడుక్కి ఇస్తారు. నాయన గంట మా టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. నేను బడిపంతులును.

నాయన టీవీ మీంచి ఆ గంటవంక చూశాడు.

"నాకియ్యి నాయనా," అన్నాను.

"తీసుకోని యాడ కడతావురా?" అన్నాడు మెల్లగా.

నాయన పోయాక కూడా అది అక్కడే ఉంది. ఫ్యాన్ గాలికి మోగినప్పుడల్లా ఆయన వచ్చాడేమోనని తల తిప్పుతున్నానని, దాని నాలుకకు గుడ్డ చుట్టేశాను.