అరవనివాణ్ణి వదిలేశాను

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. ఈరోజు దించుతాను. మీరు వింటే చాలు, జాలిపడొద్దు.

ఎనభైల్లో, ఎమ్మిగనూరు దారిలో పత్తి లారీ బోల్తా పడ్డప్పుడు పదిమంది కూలీల ప్రాణాలు నేనొక్కణ్ణే నిలిపానని ఆదోనిలో టీ అంగడి కనిపించిన చోటల్లా చెప్పుకున్నాను. ఉబ్బించిన మాట. వాళ్లలో చాలామందికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే. పత్తి మీద పడ్డారు మరి.

అప్పుడు ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ప్రథమ చికిత్స పని నాది. కర్నూలులో మాకు నేర్పిన పెద్దాయన ఒక్కటే నూరిపోశాడు. అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే, ముందు అరవనివాడి దగ్గరికి పో. నాడి చూడు. ఒళ్లు తాకు. కడుపు నొక్కు.

మిల్లు జీపులో పోయాను. చెయ్యి విరిగిన మేస్త్రీ కేకలు పెడుతున్నాడు. కాస్త దూరంలో ఉరుకుందు అనే కూలీ పత్తిమూటకు ఆనుకుని కూర్చున్నాడు. అదే లారీలో వచ్చిన అతని భార్య ఈరమ్మ భుజం ఆసరా ఇచ్చింది. నాడి పట్టాను. సన్నగా, పరుగెడుతోంది. అంత ఎండలో ఒళ్లు చల్లగా ఉంది. కడుపు బిగుసుకుపోయింది. లోపల నెత్తురు పోతోంది. అది నాకు తెలియలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. తెలిసింది.

"నాకేం కాలేదన్నా. ముందు మేస్త్రీని సూడు" అన్నాడు ఉరుకుందు.

మేస్త్రీ కంటే ముందు జీపెక్కే కూలీని మా మిల్లులో నేనెప్పుడూ చూడలేదు. జీపులో ఒక్కణ్ణే పడుకోబెట్టే వీలుంది. నా కొలువు ఉండాలన్నా ఊడాలన్నా మేస్త్రీ మాట మీదే. అతణ్ణే పడుకోబెట్టాను. చెయ్యి విరిగినవాడు కూర్చుని రాలేడా? కాళ్లు బాగానే ఉన్నాయి కదా? ఆ మాట అప్పుడే నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. జీపు మళ్లీ వచ్చేసరికి ఉరుకుందు పోయాడు.

మిల్లులో అడిగారు. "దెబ్బ తగిలిన మనిషికి పెండ్లాం నీళ్లు తాపె. అందుకే పోయినాడు" అన్నాను. అలాంటివాళ్లకు నీళ్లు ఇవ్వకూడదని కూలీలకు నేర్పిందీ నేనే కాబట్టి అందరూ నమ్మారు. మొగుణ్ణి చంపిందని అత్తగారు ఈరమ్మను ఇంట్లో ఉండనివ్వలేదని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి కదా?

మొన్న ఎమ్మిగనూరు పోయి ఆమెను వెతుక్కున్నాను. క్షమించమని అడగకూడదని దారిలోనే గట్టిగా అనుకున్నాను. వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నిలబడే చెప్పేశాను.

"నువ్వు తాపిన నీళ్లకు కాదమ్మా ఆయప్ప పోయింది. జీపులో నేను ఎక్కించలేదు, అందుకే పోయినాడు."

ఇన్నేళ్లకు నా ఊపిరి నాకు అందినట్టయింది. ఈరమ్మ చాట కింద పెట్టింది.

"నేను నీళ్లు యాడ తాపితినప్పా? చెంబు ఎత్తితే, వద్దని నువ్వే నా చెయ్యి పట్టుకుంటివి. దప్పి, దప్పి అంటానే పాయ."