కత్తెర పెట్టని బొంత

1996లో కోనసీమని తుపాను ఊడ్చేసిన కొద్దిరోజులకి జరిగిన సంగతి ఇది. అప్పటికి ద్రాక్షారామంలో మా అరుగు మీద బొంతలు కుట్టబట్టి చాలా ఏళ్ళయింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది మాత్రం ఆ ముందేడే. పెన్సిలు పట్టడం వచ్చాక, అంతవరకూ నేలమీద సుద్దముక్కతో గీసుకునే డిజైన్లని పిల్లల లెక్కల గళ్ళ పుస్తకంలో గీయడం మొదలెట్టాను. ఒక చదరం, దాన్ని మూలకి కోస్తే రెండు ముక్కోణాలు. ఎంత పెద్ద బొంతైనా వీటితోనే. ఆ ముక్కలు కలిసి మళ్ళీ మళ్ళీ వచ్చే గడిని బ్లాక్ అంటారు.

నూకరత్నం యానాం దగ్గరి రేవు నుంచి వచ్చింది. మొగుడు వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆమె వెంట అత్తగారు. మూటలో ఆయనవి మూడు లుంగీలు, రెండు తెల్లచొక్కాలు.

"పోయినోడి బట్టలు ఇంట్లో ఉంచకూడదమ్మా. పెద్దకర్మ నాటికి ఏట్లో వదిలెయ్యాలి. ఇదేమో వినదు" అంది అత్తగారు.

"బట్టల్లా ఉంటేనే కదత్తా తప్పు. బొంతైతే ఏంటి?" అంది నూకరత్నం.

"సరే, అలాగే కానీ. చలికి నా మనవరాలికైనా పనికొస్తాది" అంది అత్తగారు.

పుస్తకం తీసి బ్లాక్ గీశాను. గళ్ళ లుంగీదొక ముక్కోణం, పక్కన చొక్కాదొకటి. నూకరత్నం తలూపింది. తీరా కత్తెర లుంగీ అంచు మీద పెట్టేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకక్కా. ఆయనొస్తే ఏం కట్టుకుంటారు?"

"వచ్చేవాడైతే ఈపాటికి రాడా" అంది అత్తగారు, వీధివైపు చూస్తూ.

కొయ్యకుండా ముక్కోణం ఎలా? గీసిన కాగితం చింపి మడిచి చూశాను. మూల మీద మూల వేస్తే వచ్చింది. లుంగీలని అలాగే మడిచి, చొక్కాల చేతులు లోపలికి తోసి, పాతచీర మీద పరిచి రన్నింగ్ స్టిచ్ వేశాను. అంటే కొస పట్టి లాగితే ఊడొచ్చే కుట్టు. మడతల మందానికి సూది దిగక వేళ్ళు పుళ్ళయ్యాయి. నేను కుట్టినవాటిలో అంత అనాకారి బొంత ఇంకోటి లేదు.

నూకరత్నం దాన్ని తడిమి ఒక్కటే అడిగింది. "ఏ దారం లాగాలక్కా?"

చూపించాను.

ఎండాకాలంలో అత్తగారు ఒక్కతే వచ్చింది. కొంగుచాటు నుంచి నీలం చొక్కా ఒకటి తీసింది. కొడుకుదే. బట్టలన్నీ ఏట్లో వదలమన్న మనిషి, ఇదొక్కటీ బియ్యం డబ్బాలో దాచిందట.

"దీంతో చిన్న బొంత కుట్టు, నా తలకిందకి. కోడలికి చెప్పకు. కత్తెర పెట్టకు."

కుట్టిచ్చాను. మెట్లు దిగినామె మళ్ళీ వెనక్కొచ్చింది.

"దీనికి ఏ దారం లాగాలమ్మా?"

కోడలికి ఎప్పుడు తెలిసిందో గానీ, తర్వాత ఎప్పుడు ఆ రేవుకి వెళ్ళినా రెండు బొంతలూ దడిమీద ఎండుతూ కనపడేవి. కుట్లు వేసినవి వేసినట్టే ఉండేవి. అంతకుముందు డిజైనంటే గుడ్డని ఎలా కొయ్యాలో గీయడమే అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు ఎంత పాతగుడ్డ తెచ్చినా, పెన్సిలు తీసేముందు అడుగుతాను, దీన్ని కొయ్యొచ్చా అని.