చుక్క బాగా కనిపించిన కళ్ళజోడు

పేర్లు చెక్కే ఆయనకు కుడికన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటితోనే స్టీలు పలకల మీద జనం పేర్లు చెక్కి ఇల్లు నెట్టుకొచ్చాడు. పేర్లు చెక్కే పాత లేజర్ మిషన్ మూలపడ్డాక నీలి కాంతిది కొన్నాడు గానీ, ఆ కాంతి కంటికి తగలకుండా పెట్టుకునే కళ్ళజోడు మాత్రం పాత మిషన్‌దే పెట్టుకున్నాడు.

“లేజర్ చుక్క ఎంత స్పష్టంగా కనిపిస్తోందే! ఈ కళ్ళజోడుకి తిరుగులేదు,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ భార్యతో.

“అంత బాగా కనిపిస్తుంటే అది ఆపుతున్నదేంటండీ? ఉన్న ఒక్కటీ పోగొట్టుకుంటారా?”

ఆయన టక్కున మిషన్ ఆపాడు. దాని మీద రాసిన తరంగదైర్ఘ్యం అంకెకూ, కళ్ళజోడు మీది అంకెకూ పొంతనే లేదు. సరైన అంకె ఉన్న నారింజరంగుది వచ్చేదాకా షాపు తెరవలేదు.

పాతది పారెయ్యలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు పెట్టుకుంటాడు. తరిగే పని ఇప్పుడు ఆయనదే.