ఇరవై సెంట్లు

అమెరికాలోని నాంటకెట్ దీవి రేవులో జేబెజ్ వేలంపాట మొదలుపెడితే గట్టు మీద పీపాలు దొర్లించేవాళ్ళు కూడా ఆగి వినేవారు. వేలం సరుకు మీద పన్ను వేసే కొత్త చట్టం వచ్చాక అతనికి గొంతుతో పాటు కలం కూడా అరగదీయక తప్పలేదు. మూణ్ణెల్లకోసారి ఏ సరుకు ఎవరిదో, ఎంతకు పోయిందో పన్నుల అధికారికి రాసివ్వాలి. చనిపోయినవారి సామాన్లకు పన్ను లేదు. జేబెజ్‌లాంటి క్వేకర్ మతస్థులు దేవుడి మీద ఒట్టు వేయరు కనుక, రాసిందంతా నిజమని మాటిస్తే చాలు.

ఆ శరత్కాలంలో ఇల్లు గడవక కెజియా తన భర్త రూబెన్ సామాన్లు వేలానికి తెచ్చింది. అతనెక్కిన తిమింగలాల వేట ఓడ ‘పాలీ’ మూడేళ్ళుగా ఆచూకీ లేదు. జేబెజ్ కొడుకు ఓబెద్ కూడా అందులోనే వెళ్ళాడు.

“ఈ కోటు నాకు పట్టదోయ్ జేబెజ్!” అన్నాడు పీపాలు చేసే ముసలాయన.

“నీ పొట్టకి తెరచాప గుడ్డే కావాలి. అడ్డు తప్పుకో!”

అన్నీ కలిపి నలభై డాలర్లు వచ్చాయి. పన్ను ఇరవై సెంట్లు. పేదరాలికి ఆ ఖర్చు ఎందుకని, జేబెజ్ వాటిని చనిపోయినవాడి సామాన్లుగా రాసి, మాటిచ్చి వచ్చాడు.

మధ్యాహ్నానికే ఆ సంగతి విని కెజియా అతని గుమ్మంలో నిలబడింది.

“ఇరవై సెంట్లకి నా మొగుణ్ణి చంపేశావా జేబెజ్?”

“నీ మేలు కోరే...”

“మరి నీ ఓబెద్‌ని కూడా చంపేసినట్టేనా?”

జేబెజ్ టోపీ పెట్టుకుని అధికారి దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

“దిద్దితే అబద్ధమాడానని ఒప్పుకున్నట్టే. నీ వేలం లైసెన్సు పోతుంది,” అన్నాడు అధికారి. “రూబెన్ బతికున్నాడని నీకు తెలుసా?”

“తెలీదు. పోయాడనీ తెలీదు. తెలీనిది తెలుసని మాటిచ్చాను.”

ఆ వరుస తన చేత్తోనే కొట్టేసి, ఇరవై సెంట్లు బల్ల మీద పెట్టాడు. లైసెన్సు పోయింది. తర్వాత నాలుగేళ్ళు తాళ్ళు పేనుకుంటూ బతికాడు. పొద్దున్నే రేవుకు వెళ్ళేవాడు గాని, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పాలీ రాలేదు.

జేబెజ్ చనిపోయాక ఇంట్లో సామాన్లకు వేలం పెట్టారు. పోయినవాడివి కనుక పన్ను లేదని కొత్తగా వేలం వేసేవాడు గబగబా రాసుకుపోతున్నాడు. కెజియా అతని చేతిలోంచి ఓబెద్ కోటు లాక్కుంది.

“ఇది ఓబెద్‌ది. నేను పాడుకుంటున్నాను. దీనికి పన్ను రాయి,” అంది.