ఓడినవాళ్లు టీ పొయ్యాలి

ఆ రోజుల్లో, అంటే జపాను వాళ్లు సైకిళ్లెక్కి మలయా మీదికి రాకముందు, మాకు చేతకాని పనులు చాలా ఉండేవి గాని, అన్నిటిలోకీ చేతకానిది ఓడిపోవడం. అలవాటు లేదు, అంతే. నాలుగేళ్ల పాటు మా మిషను బడి ఆడపిల్లల బాస్కెట్ బాల్ జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. వినడానికి గొప్పగానే ఉంటుంది. లోపల ఉండి చూసినదాన్ని చెబుతున్నాను, గెలవడం కూడా ఒక చాకిరీయే. మొదటి ఏడాది గెలిస్తే గెంతుతాం, రెండో ఏడాది నవ్వుతాం, మూడో ఏడాది సరేలే అనుకుంటాం. నాలుగో ఏడాదికి, ఈసారి గెలవకపోతే ఏమవుతుందోనన్న బెంగ తప్ప ఇంకేమీ మిగలదు.

మా బడిలో టీచరు పనికి తయారయ్యే పెద్దపిల్లల తరగతులు ఉండేవి. వాటిని అందరం కాలేజీ అనేవాళ్లం. జట్టు ఆ కాలేజీది. నేను ఆ కాలేజీలో చదవలేదు (ఆ మాటకొస్తే ఎక్కడా పెద్దగా చదవలేదు). బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో మా నాన్న కాయలు వలిచేవాడు. మిషను వాళ్లు దయతలచి హాస్టల్లో చేర్చుకుంటే అయిదో తరగతి దాకా నెట్టుకొచ్చి, పెద్ద భాగహారం దగ్గర చతికిలబడ్డాను. ఇంటికి పంపించెయ్యాల్సిందే. కాని అప్పటికే నా తల వసారా చూరుకి తగులుతోంది. బడిని నడిపే ఇంగ్లీషు పెద్దావిడని మేము మిస్సమ్మగారు అనేవాళ్లం. ఆవిడ నా లెక్కల కాగితం వైపు ఒకసారి, నా ఎత్తు వైపు రెండుసార్లు చూసి, ఇస్త్రీ గదిలో పని ఇచ్చి ఉంచేసింది. చదువు ముగించిన పాత విద్యార్థిని ఒకతె జట్టులో ఆడవచ్చని నియమం ఉండేది. నా విషయంలో చదువే నన్ను ముగించిందన్న సంగతి అవతలి జట్టువాళ్లు ఎవరూ ఆరా తీయలేదు.

అందరూ నన్ను నిచ్చెన అనేవారు. ఇప్పటి పిల్లలు ఆడే ఆట కాదు మాది. బంతి చేతిలో ఉంటే అడుగు వెయ్యకూడదు, నేలకి కొట్టుకుంటూ పరుగెత్తకూడదు, సున్నంతో గీసిన గీతల లోపల ఎవరి చోటు వాళ్లది. నా చోటు గుంజకి బిగించిన ఇనప రింగు కింద. బంతి నా దగ్గరికి వచ్చేది, నేను చెయ్యెత్తి రింగులో వేసేదాన్ని. తీగ మీద తువ్వాలు ఆరేసినంత సులువు. దానికి మైదానం చుట్టూ ఉన్నవాళ్లు "నిచ్చెనా! నిచ్చెనా!" అని గొంతు చించుకునేవాళ్లు. ఇస్త్రీ గదిలో నన్ను ఎవరూ ఏ పేరూ పెట్టి పిలిచేవాళ్లు కాదు. "ఇదిగో, ఈ కాలరు సరిగ్గా లేదు" అనేవాళ్లు. వారానికి ఆరు రోజులు నేను 'ఇదిగో'ని. శనివారం సాయంత్రం ఒక గంట నిచ్చెనని. ఆ గంట కోసమే మిగతా వారమంతా బొగ్గుల ఇస్త్రీపెట్టె మోశాను.

ఇంక టీ సంగతి. ఆట అయ్యాక ఓడినవాళ్లు గెలిచినవాళ్లకి తమ చేత్తో టీ పోసి ఇవ్వాలని మిస్సమ్మగారు పెట్టిన పద్ధతి. మొహం మాడ్చుకోకుండా ఓడిపోవడం కూడా ఆడపిల్లల చదువులో భాగమేనని ఆవిడ నమ్మకం. మంచి నమ్మకమే, కాదనను. కాని నాలుగేళ్లుగా ఆ చదువంతా పై ఊళ్ల పిల్లలే చదువుకుని వెళ్లారు. మేము బెంచీ మీద వరసగా కూర్చుని, రేకు మగ్గులు చాచి, డబ్బాపాలు కలిపిన టీ తాగుతూ, వేయించిన అరటిపళ్లు నములుతూ ఉండేవాళ్లం. నేను నోరు మూసుకుని తాగేదాన్నా? ఏటా క్లాంగ్ నుంచి ఒక చీనా పిల్లల జట్టు వచ్చేది. వాళ్ల నాయకురాలు గుండ్రటి కళ్లద్దాల పిల్ల. మూడేళ్లు వరసగా నా మగ్గులో టీ పోసింది ఆ పిల్లే. మూడో ఏడు కెటిలు ఎక్కువ వంచేసరికి నా పావడా మీద కాస్త ఒలికింది. "పరవాలేదులే, ఏడాదికోసారి వస్తూనే ఉన్నావు కదా, వచ్చే ఏటికి చెయ్యి కుదురుతుంది" అన్నాను మలాయిలో. మా జట్టంతా పడీపడీ నవ్వింది. ఆ పిల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుని పక్క మగ్గు దగ్గరికి జరిగింది. ఎంత చమత్కారంగా అన్నానో అని ఆ వారమంతా మురిసిపోయాను.

అయిదో ఏటికి మా జట్టు మునుపటి జట్టు కాదు. బంతిని మెరుపులా అందించే ఇద్దరు పిల్లలూ పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. నాకు ఇరవై రెండు నిండాయి. రోజంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తే సాయంత్రానికి మోకాళ్లు నావి కానట్టుండేవి. పైగా మా చిన్నాన్న కూతురు ఒకతె కాలేజీలో చేరి, నా చోటికి బదులు మనిషిగా రెండేళ్ల నుంచి బెంచీ మీద కూర్చుని ఉంది. అందరూ పొట్టి అనేవాళ్లు, పేరుకి తగ్గట్టే ఉండేది. ఆ పిల్ల బంతి పైకి విసిరితే, అది ఆకాశంలో ఏదో పని చూసుకుని వచ్చినట్టు నింపాదిగా వచ్చి రింగులో పడేది. ప్రతి ఆటకీ ముందు కాన్వాసు బూట్లు వేసుకుని తాళ్లు గట్టిగా కట్టుకునేది. ఆట అయ్యాక విప్పుకునేది. రెండేళ్లూ ఆ పిల్ల ఆడిన ఆట అదే.

ఆ ఏడు క్లాంగ్ పిల్లలు మైదానంలో దిగిన పది నిమిషాలకే నాకు అర్థమైంది. వాళ్లు ఎదగలేదు గాని వేగం నేర్చుకున్నారు. బంతి నాకు అందేలోపు ఎవరో ఒకతె మిడతలా ఎగిరి లాక్కుపోతోంది. సగం ఆటకి రెండు జట్లూ సమానం. మనిషిని మార్చాలంటే ఆ విరామంలోనే మార్చాలి. మిస్సమ్మగారు నా దగ్గరికి వచ్చి, తెలుగు రాదు గనక తనకి వచ్చిన తమిళంలో అడిగింది.

"నిచ్చెనా, కాళ్లు ఎలా ఉన్నాయి? నిజం చెప్పు."

"రెండూ ఉన్నాయండీ."

ఆవిడ నవ్వలేదు. "నేనుగా నిన్ను దింపను. నువ్వు చెబితేనే మారుస్తాను" అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అంతకంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

పొట్టి నా పక్కన గొంతుక్కూర్చుని మోకాలు తడిమి చూసింది. మా తోటల్లో అక్కని అప్ప అంటాం, మలాయివాళ్లలా మాట చివర ఒక 'లా' కూడా తగిలిస్తాం. "అప్పా, మోకాలు వాసిపోనాదే. నానాడతాను లే. సగమే గదా?"

"నువ్వా? నీకా రింగు కనపడాలంటేనే నిచ్చెన గావాల. ఆ నిచ్చెన నాను. కూకో."

"ఒక్కసారి సూడు లా, అప్పా. పొద్దున్న పదిసార్లేస్తే తొమ్మిది పడినాయి."

"ఆ పదోది నా నెత్తిన పడినాది. కూకోయే, నోరుమూసుకోని."

జట్టంతా నవ్వింది. నా నోటికి నవ్వడం వాళ్లకి అలవాటు. పొట్టి కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి, ఆట ఇంకా సగం ఉండగానే, బూట్ల తాళ్లు విప్పుకుంది. అది నేను చూశాను. చూసి కూడా లేచి మైదానంలోకి నడిచాను.

రెండో సగం గురించి ఎక్కువ రాయను, ఓపిక లేదు. తువ్వాలు ఆరేసే తీగ ఎవరో జానెడు పైకి కట్టినట్టుంది. అయిదుసార్లు చెయ్యెత్తాను, అయిదుసార్లూ బంతి రింగు అంచుని పలకరించి వెళ్లిపోయింది. ఈల మోగేసరికి నాలుగు గోల్స్ తేడా.

అప్పుడు జరిగిందండీ అసలు విచిత్రం. ఈల వినపడగానే మా పిల్లలందరూ, ఎప్పటిలాగే, వెళ్లి బెంచీ మీద వరసగా కూర్చున్నారు. క్లాంగ్ పిల్లలు, ఎప్పటిలాగే, టీ బల్ల దగ్గరికి వెళ్లారు. కళ్లద్దాల పిల్ల కెటిలు ఎత్తింది. నేను మగ్గు చాచాను. ఆ పిల్ల పోసింది. నేను రెండు గుక్కలు తాగి, చక్కెర తక్కువైందని ఏదో అనబోతూ తల తిప్పితే, మిస్సమ్మగారు కనిపించింది. ఆవిడ చేతిలో రుమాలు నోటి దాకా వెళ్లి ఆగిపోయి ఉంది. అప్పుడు నా బుర్రలో గోల్స్ లెక్క తిరిగింది. భాగహారం రాకపోయినా తీసివేత వచ్చు కదా.

దిగ్గున లేచి కెటిలు పట్టుకున్నాను. "ఇలా ఇవ్వు."

"దూదూక్ లా" అంది ఆ పిల్ల, కూర్చోమని. పిడి వదలదు.

"ఇవాళ కూర్చోవాల్సింది నువ్వు."

"మేమే కదా ఎప్పుడూ పోసేది?"

"ఎప్పుడూ ఓడేది మీరు కాబట్టి పోశారు. ఇవాళ గెలిచారే తల్లీ!"

ఆ పిల్ల పిడి పట్టుకునే నా మొహంలోకి చూసింది. తరవాత వెనక్కి తిరిగి తన జట్టుకి చీనా భాషలో ఏదో చెప్పింది. ఆ తరవాత ఆ పదిమంది పిల్లలు పెట్టిన కేకకి వంటగది కప్పు మీది కాకులు లేచిపోయాయి. గెలిచామన్న వార్త పాపం వాళ్లకి నా నోటి నుంచే తెలిసింది.

మేము టీ పోశాం. పోయడం ఒక పని అని నాకు ఆ రోజు తెలిసింది. కెటిలు బరువు, పిడి కాలుతుంది, ఎంత వంచాలో తెలియదు. కళ్లద్దాల పిల్ల మగ్గు నిండుతుంటే నేను కాచుకుని ఉన్నాను. ఒక్క మాట అంటుందని. అంటే నేనూ ఒకటి అని గుండె బరువు దించుకునేదాన్ని. ఆ పిల్ల మగ్గు రెండు చేతులతో పట్టుకుని "తెరిమా కాసీ" అని, మలాయిలో థాంక్స్, దండం పెట్టినంత మర్యాదగా చెప్పి ఊరుకుంది. నేను కెటిలు పట్టుకుని పక్క మగ్గు దగ్గరికి జరిగాను.

నెల తిరక్కుండా క్లాంగ్ లో వాళ్ల మైదానంలో మళ్లీ ఆట. మిస్సమ్మగారి గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు తలుపు గొళ్లెం బాగుందని చెప్పి వచ్చేశాను. మూడోసారి లోపలికి వెళ్లి "పొట్టి ఆడుతుందండీ" అన్నాను. ఆవిడ రాసుకుంటున్న కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే "సరే" అంది. అంతే. నన్ను రెండు మాటలు బతిమాలుతుందని ఒక చిన్న ఆశ ఉండేది. (ఎందుకు దాచాలి, పెద్ద ఆశే.)

రెండు రైళ్లు మారి క్లాంగ్ వెళ్లాం. నేను నీళ్ల కూజా, గాయాల మందు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పొట్టి ఆడింది. ఓడింది. నాలుగు కాదు, తొమ్మిది గోల్స్ తేడాతో! దేవుడా, నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను. నాకంటే అయిదు ఎక్కువ! నేను ఉంటే నాలుగుతో పోయేది కదా అని అందరూ అనుకుంటూ ఉంటారని లోలోపల గంతులు వేశాను. పొట్టి మాత్రం చెమట తుడుచుకుని నేరుగా టీ బల్ల దగ్గరికి వెళ్లింది. ఒక్క చుక్క ఒలకలేదు. కళ్లద్దాల పిల్లతో ఏదో మాట్లాడి నవ్వించింది కూడా.

మర్నాడు పొద్దున రైలులో పొట్టి నా పక్కన కూర్చుంది. చాలాసేపు రబ్బరు తోటలు చూసి, మెల్లగా అడిగింది.

"అప్పా, మల్లా ఏడు నువ్వే ఆడతావేటి?"

నా లోపల మైదానమంతా లేచి "నిచ్చెనా! నిచ్చెనా!" అని అరిచింది. నోటి చివరికి వచ్చేసింది ఆడతానని. తొమ్మిది గోల్స్ కారణం ఉంది. ఎవరూ తప్పు పట్టరు. రెండు స్టేషన్లు దాటేదాకా ఒళ్లో ఉన్న నీళ్ల కూజా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

"లేదే. నువ్వే ఆడు."

"మల్లా ఓడిపోతే?"

"ఓడిపో. నీకు బాగా వచ్చినాది."

పొట్టి ఒక్క నవ్వు నవ్వి నిద్రపోయింది. ఆ తరవాత నేను చాలా పనులు చేసి అలిసిపోయాను, పిల్లల్ని కన్నాను, యుద్ధం గడిపాను, కాని ఆ 'లేదే' అన్న ఒక్క మాటకి అలిసినట్టు దేనికీ అలిసిపోలేదు. ఇప్పుడు తలచుకుంటే, సంతోషమో ఏడుపో తేలని మొహం చెల్లెలికి కనపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆ పొడుగు పిల్ల మీద నాకు కోపం రాదు. వెళ్లి దాని పక్కన కూలబడి, "ఇంక చాల్లే, కాస్త జరుగు" అనాలనిపిస్తుంది. ఆ పిల్ల పక్కకి జరుగుతుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.